ఉపాధ్యక్ష అభ్యర్థిని ఓటరు తనంతట తాను తూచి చూసుకోవడం ఎలా

2024 జులై 13 సాయంత్రం పెన్సిల్వేనియాలోని బట్లర్ వద్ద ఎన్నికల సభలో మాట్లాడుతున్న డొనాల్డ్ ట్రంప్ మీద ఒక యువకుడు కాల్పులు జరపగా, ఆయన కుడి చెవికి గాయమైంది. సరిగ్గా రెండు రోజుల తర్వాత, మిల్వాకీలో రిపబ్లికన్ పార్టీ మహాసభ మొదలైన రోజునే, ఒహాయో సెనేటర్ జె.డి. వాన్స్‌ను ట్రంప్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించారు. నేను ఓటు వేసేది ఆ పెన్సిల్వేనియాలోనే. ఆ వారమంతా మా బంధుమిత్రుల వాట్సాప్ గ్రూపుల్లో సాగిన మాటలు మాత్రం ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి: వాన్స్ భార్య ఉష చిలుకూరి వారి ఆడపడుచు, వారి పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లాలోని వడ్లూరు, కాబట్టి వాన్స్ మన తెలుగింటి అల్లుడు. అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న మనిషి ప్రాణం వెంట్రుకవాసిలో నిలిచిన వారంలోనే, ఆయన లేకపోతే ఆ కుర్చీలో కూర్చోవలసిన మనిషి ఎవరన్నది తేలింది. అయినా ఆ మనిషి ఆ కుర్చీకి తగినవాడా అన్న ప్రశ్న మాలో ఎవ్వరమూ వేసుకోలేదు.

అమెరికా పౌరసత్వం తీసుకుని ఓటు వేస్తున్న తెలుగువారి కోసం, ఇక్కడే పుట్టి మొదటిసారి ఓటు వేయబోతున్న మన పిల్లల కోసం ఈ పద్ధతిని రాస్తున్నాను. బ్యాలెట్ మీద ఉపాధ్యక్షుడికి విడిగా ఓటు లేదు; అధ్యక్షుడి పేరు పక్కనే ఆ పేరు కూడా ఉంటుంది, రెంటికీ కలిపి ఒకే గుర్తు పెడతాము. ఆ కారణం చేతనే, అభిప్రాయం ఉన్నా లేకపోయినా ఒకటేనని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని 2012లోనూ 2016లోనూ ఉపాధ్యక్ష అభ్యర్థుల గురించి ఒక్క పేజీ అయినా చదవకుండా ఓటు వేశాను. ఆ పదవిలో ఉన్న మనిషి స్వభావం మీద దేశం ఎంతగా ఆధారపడగలదో, ఎన్నికల ఓట్ల లెక్క జరుగుతుండగా గుంపు కాంగ్రెస్ భవనంలోకి చొరబడిన 2021 జనవరి 6న టీవీ ముందు కూర్చుని చూసిన తర్వాతనే నాకు అర్థమైంది.

ముందుగా పదవి ఏమిటో తెలుసుకోవాలి

భారతదేశంలో పెరిగిన మనకు ఉపరాష్ట్రపతి పదవి గురించి ఒక ఊహ ఉంటుంది, ఆ ఊహను ఇక్కడికి తెచ్చుకుంటే పొరపడతాము. భారత ఉపరాష్ట్రపతిని పార్లమెంటు ఉభయ సభల సభ్యులు ఎన్నుకుంటారు. సామాన్య ఓటరుకు అందులో పాత్ర లేదు. 2025 సెప్టెంబరు 9న సి.పి. రాధాకృష్ణన్ మీద మన తెలంగాణకు చెందిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి పోటీ చేసినప్పుడు కూడా మనం చూస్తూ ఉండడమే తప్ప చేయగలిగింది లేదు. అంతకంటే పెద్ద తేడా మరొకటి ఉంది. 1969లో జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగా మరణించినప్పుడు ఉపరాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలికంగా మాత్రమే బాధ్యతలు స్వీకరించారు. 1977లో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ మరణించినప్పుడు బి.డి. జత్తి కొన్ని నెలలు ఆ పని చూసిన తర్వాత నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి అయ్యారు. రాష్ట్రపతి పదవి అలా ఖాళీ అయితే ఆరు నెలల్లోగా ఎన్నిక జరగాలని భారత రాజ్యాంగం చెబుతుంది.

అమెరికాలో అటువంటి ఎన్నిక ఉండదు. అధ్యక్షుడు మరణించినా, రాజీనామా చేసినా, పదవి నుంచి తొలగించబడినా మిగిలిన కాలమంతటికీ ఉపాధ్యక్షుడే అధ్యక్షుడు. 1841లో విలియం హెన్రీ హారిసన్ ప్రమాణ స్వీకారం చేసిన నెల రోజులకే మరణించగా, తాను తాత్కాలికుడిని కాననీ పూర్తి స్థాయి అధ్యక్షుడిననీ ఆయన ఉపాధ్యక్షుడు జాన్ టైలర్ పట్టుబట్టి నెలకొల్పిన ఆనవాయితీ అది. 1967లో 25వ రాజ్యాంగ సవరణ దానిని అక్షరాల్లో పెట్టింది. ఇంతవరకు అధ్యక్షులైన 45 మందిలో 9 మంది ఇలా మధ్యలో ఆ పదవికి వచ్చినవారే: 8 మంది అధ్యక్షుడి మరణం వల్ల, జెరాల్డ్ ఫోర్డ్ ఒక్కరు 1974లో నిక్సన్ రాజీనామా వల్ల. అంటే ప్రతి అయిదుగురిలో ఒకరు. ఈ లెక్క మనసులో నాటుకుంటే ఉపాధ్యక్ష అభ్యర్థి పేరును తేలికగా దాటిపోలేము.

ఇది కాక రాజ్యాంగం ఉపాధ్యక్షుడికి ఇచ్చిన పనులు చాలా కొద్ది. సెనేట్‌కు ఆయన అధ్యక్షత వహిస్తారు, ఓట్లు సరిసమానంగా చీలినప్పుడు మాత్రమే తన ఓటు వేస్తారు. ఆ ఒక్క ఓటు కొన్నిసార్లు ఎంతో బరువైనది. సెనేట్ 50, 50గా చీలి ఉన్న కాలంలో ఉపాధ్యక్షురాలైన కమలా హారిస్ మొత్తం 33 సార్లు ఓటు వేసి, పూర్వపు ఉపాధ్యక్షుడు జాన్ కాల్హూన్ పేరిట దాదాపు రెండు వందల ఏళ్లుగా ఉన్న 31 ఓట్ల రికార్డును దాటారు. 2022 ఆగస్టులో వాతావరణం, మందుల ధరలకు సంబంధించిన పెద్ద చట్టం సెనేట్‌ను దాటింది ఆమె ఓటుతోనే. 2025 జులై 1న ట్రంప్ పన్నుల, ఖర్చుల బిల్లును సెనేట్ 51–50తో ఆమోదించింది వాన్స్ ఓటుతో. మరోవైపు జో బైడెన్ ఉపాధ్యక్షుడిగా ఉన్న ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ అవసరం రాలేదు. మిగిలిన పనులన్నీ అధ్యక్షుడు అప్పగిస్తేనే ఉంటాయి. అందువల్ల వీసాల గురించి, పన్నుల గురించి ఉపాధ్యక్ష అభ్యర్థి సభల్లో ఇచ్చే హామీలను మనం ఆయన ఖాతాలో వేసి తూచకూడదు. అవి టికెట్‌లో, అంటే అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థుల జోడీలో, పై పేరు ఉన్నవారి హామీలు, వాటిని అక్కడే తూచాలి.

మొదటి రోజు మాటను తేదీ వేసి రాసుకోండి

అభ్యర్థి పేరు ప్రకటించిన రోజునే ఒక నోటుపుస్తకంలో ఆ పేరుకు రెండు పేజీలు కేటాయించి, ఆ క్షణంలో మీకు ఏమనిపించిందో, ఎందుకనిపించిందో దాచుకోకుండా రాయమని నా సలహా. ఫోనులో కంటే కాగితం మీద రాయడం మేలు, ఎందుకంటే తర్వాత దిద్దుకోవాలన్న కోరిక కలిగినా కొట్టివేత కనబడుతుంది. తొలి భావన తప్పని నేను అనడం లేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోవడమే ప్రమాదం. 2024 ఆగస్టు 6న, డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి అయిన కమలా హారిస్ మిన్నెసోటా గవర్నర్ టిమ్ వాల్జ్‌ను ఎంచుకున్న రోజున నా పుస్తకంలో, ‘బడిపంతులుగా పనిచేసినవాడు, మంచివాడిలా ఉన్నాడు’ అని మాత్రమే ఉంది. ఆ మాట ఆయన గురించి చెప్పేది ఏమీ లేదనీ, మా నాన్నగారు కూడా బడిపంతులే కావడం గురించి చెబుతోందనీ మర్నాడు చదువుకున్నప్పుడు తెలిసింది.

మనవాళ్లన్న అభిమానాన్ని ఇక్కడే తేల్చుకోవాలి. ఈ విషయంలో కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన ఇళ్లలో మిగతా విచారణనంతా ఇదే మింగేస్తుంది. 2020లో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన హారిస్ తల్లి శ్యామలా గోపాలన్ చెన్నైలో పుట్టిన స్త్రీ అన్న మాటే చాలామందికి చాలింది. నాలుగేళ్ల తర్వాత వడ్లూరు పేరు చాలింది. ఒకే ఇంట్లో అక్క ఒకవైపు, తమ్ముడు మరొకవైపు నిలబడి ఇద్దరూ బంధుత్వాన్నే సాక్ష్యంగా చూపిన సందర్భాలు నాకు తెలుసు. వడ్లూరులో పూజలు చేసి సంతోషించిన వారి ఆనందం నిజమైనది, దానిని తక్కువ చేయడం నాకు ఇష్టం లేదు. మన ఊరి పేరు అంత దూరాన వినిపిస్తే ఎవరి గుండె అయినా పొంగుతుంది. కానీ ఉషా వాన్స్ ప్రతిభావంతురాలైన న్యాయవాది అన్న సత్యం ఆమె భర్త అణ్వాయుధాల ఆదేశాలు ఇవ్వగల పదవికి తగినవాడా కాడా అన్న ప్రశ్నకు జవాబు కాదు. పుస్తకంలో దీనికి విడిగా ఒక గడి గీసి, ‘అభిమానం’ అని పేరు పెట్టి, బంధుత్వం, మతం, ఊరు, చదివిన కాలేజీ వంటివన్నీ అక్కడే రాయండి. ఆ గడిని ఖాళీగా ఉంచవలసిన పనిలేదు, అయితే అక్కడి మాటలు మిగతా పేజీలోకి రాకూడదు.

అభిమానం ఎంత ఉన్నా దాని స్థానంలో పని కనబడితే అది వేరే లెక్క. ఉదాహరణకు, ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డుల మీద ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితిని తొలగించే బిల్లును 2019లో యూటా సెనేటర్ మైక్ లీతో కలిసి సెనేట్‌లో ప్రవేశపెట్టినవారు కమలా హారిస్. అది 2020 డిసెంబరులో మార్పులతో సెనేట్‌ను దాటినా, ప్రతినిధుల సభ ఆమోదించిన పాఠంతో ఏకీభావం కుదరక చట్టం కాలేదు. ఆ క్యూలో ఏళ్ల తరబడి ఉన్న కుటుంబాలకు ఆమె తల్లి ఊరి కంటే ఈ ఒక్క బిల్లు చెప్పేది ఎక్కువ.

చేసిన పనిని వెతికి చదవడం

ఇక అసలైన శ్రమ. రెండు సాయంత్రాలు కేటాయిస్తే సరిపోతుంది. అభ్యర్థి సెనేటర్ గానీ ప్రతినిధుల సభ సభ్యుడు గానీ అయితే, కాంగ్రెస్ అధికారిక వెబ్‌సైటులో ఆయన ప్రవేశపెట్టిన బిల్లులన్నీ ఉంటాయి, ప్రతి రోల్ కాల్ ఓటూ (ఎవరు ఎటు వేశారో పేరుపేరునా నమోదైన ఓటు) సభల వెబ్‌సైట్లలో దొరుకుతుంది. అన్నీ చదవడం సాధ్యం కాదు. నేను మూడింటిని మాత్రమే ఎంచుకుంటాను: సొంత రాష్ట్రానికి ఆపద వచ్చినప్పుడు చేసినది ఒకటి, యుద్ధానికీ విదేశాలకూ సంబంధించినది ఒకటి, తన పార్టీకి నచ్చకపోయినా నిలబడినది ఒకటి.

వాన్స్ విషయంలో ఇలా వెతికినప్పుడు, 2023 ఫిబ్రవరిలో ఒహాయోలోని ఈస్ట్ పాలస్తీన్ వద్ద విష రసాయనాల రైలు పట్టాలు తప్పిన తర్వాత, డెమొక్రాట్ అయిన షెరడ్ బ్రౌన్‌తో కలిసి ఆయన రైలు భద్రత బిల్లు తెచ్చినట్లు కనబడింది. తన పార్టీలో పలువురు దానిని వ్యతిరేకించగా అది చట్టం కాలేదు. అంతవరకు ఆయనను టీవీ మాటలతోనే తూచిన నాకు అది ఆశ్చర్యం కలిగించింది, పుస్తకంలో ఆయన పక్షాన రాశాను. 2024 ఏప్రిల్‌లో యుక్రెయిన్ సాయంతో కూడిన ప్యాకేజీకి ఆయన వ్యతిరేకంగా ఓటు వేశారు. దానితో మీరు ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. కానీ అది ఆయన దాచుకున్న అభిప్రాయం కాదు, ముందు నుంచీ చెప్పి చేసిన పని. ఎంపికైన నాటికి ఆయన వయసు 39, సెనేట్‌లో ఏడాదిన్నర అనుభవం. ప్రభుత్వాన్ని నడిపిన అనుభవం లేదు. ఆ రెండు అంకెలనూ అంకెలుగానే రాయండి, పక్కన విశేషణాలు వద్దు.

అభ్యర్థి గవర్నర్ అయితే చూడవలసినవి ఓట్లు కావు, సంతకాలు. ఏ బిల్లు మీద సంతకం చేశారు, దేనిని వీటో చేశారు, ఆపద వచ్చిన రాత్రి ఏ ఆదేశం ఎప్పుడు ఇచ్చారు అన్నవి చూడాలి. వాల్జ్ 2023లో బడిపిల్లలందరికీ ఉచితంగా ఉదయపు, మధ్యాహ్న భోజనాలు పెట్టే చట్టంపై సంతకం చేశారు. 2020 మే 25న మినియాపోలిస్‌లో పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ మరణించిన తర్వాత ఊరు తగలబడుతుండగా గవర్నర్ పిలవగల సైనిక దళమైన నేషనల్ గార్డ్‌ను ఆయన 28న రప్పించారు. అది ఆలస్యమని విమర్శించినవారూ ఉన్నారు, నగర పాలకుల నుంచి స్పష్టమైన కోరిక అందాలి కదా అని సమర్థించినవారూ ఉన్నారు. నా దృష్టిలో కార్యనిర్వాహక పదవిలో ఉన్నవారిని తూచడానికి ఇటువంటి మూడు రోజులకు మించిన గీటురాయి లేదు. ఒక్క రోజు పత్రికలు కాక, ఏ గంటకు ఏమి జరిగిందో వరుసగా చెప్పే కథనాలను రెండు వైపుల నుంచీ చదవండి. నేను చదివిన తర్వాత, ఆయన ఒక రోజు వృథా చేశారన్న నిర్ణయానికి వచ్చాను. అయితే తర్వాతి రోజుల్లో గార్డ్ మొత్తాన్ని దించి పరిస్థితిని అదుపులోకి తెచ్చారన్నదీ అదే పేజీలో రాశాను.

డబ్బు సంగతి వదిలివేయకూడదు. 1978 నాటి చట్టం ప్రకారం అభ్యర్థులు తమ ఆస్తుల, అప్పుల, ఆదాయ మార్గాల ప్రకటన సమర్పించాలి, దానిని ఎవరైనా చూడవచ్చు; ఆదాయపు పన్ను రిటర్నులను బయటపెట్టాలన్న నిబంధన మాత్రం లేదు, అది ఆనవాయితీ మాత్రమే. 1973లో ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ రాజీనామా చేయవలసి వచ్చింది మేరీలాండ్‌లో పదవుల్లో ఉన్న కాలం నాటి ముడుపుల వ్యవహారం వల్ల. అందుకని జాతీయ పత్రికల కంటే అభ్యర్థి సొంత రాష్ట్రపు పత్రికలు నాకు ఎక్కువ పనికివస్తాయి; ఆయన్ను పదేళ్లుగా చూస్తున్న విలేకరులు అక్కడే ఉంటారు.

ఆరోగ్యం విషయంలో తొందరపడకండి. 1972లో డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి జార్జ్ మెక్‌గవర్న్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా మిస్సోరి సెనేటర్ థామస్ ఈగల్టన్‌ను ఎంచుకున్నారు. గతంలో మానసిక కుంగుబాటుకు ఆయన ఆస్పత్రిలో విద్యుత్ చికిత్స పొందినట్లు బయటపడి, 18 రోజులకే పోటీ నుంచి తప్పుకోవలసి వచ్చింది. చికిత్స పొందడం ఆయన దోషం కాదు, తర్వాత కూడా 1987 వరకు ఆయన సెనేటర్‌గా పనిచేశారు. ఎంచుకునేవారు అడిగినప్పుడు చెప్పకపోవడం మాత్రం లెక్కలోకి వస్తుంది. మన ఇళ్లలో మనసుకు వచ్చే జబ్బులను ఇంకా గుట్టుగా దాచుకుంటున్నాము కనుక ఈ రెంటినీ వేరు చేసి చూడడం మనకు మరీ అవసరం.

ఎందుకు ఎంచుకున్నారు?

ఉపాధ్యక్ష అభ్యర్థిని ప్రజలు ఎంచుకోరు, అధ్యక్ష అభ్యర్థి ఎంచుకుంటారు. కాబట్టి ఆ ఎంపిక ఎంచుకున్నవారి గురించి కూడా చెబుతుంది. ఒక రాష్ట్రాన్ని గెలవడానికా, ఒక వర్గాన్ని బుజ్జగించడానికా, తనలో లేని అనుభవాన్ని తెచ్చుకోవడానికా, తనకు ఎదురుచెప్పనివాడు కావాలనా?

టికెట్‌లో సమతూకం కోసం చేసిన ఎంపిక ఎంత దూరం పోగలదో 1864 చూపింది. అంతర్యుద్ధ కాలంలో యూనియన్ (ఉత్తరాది రాష్ట్రాల) పక్షాన నిలిచిన దక్షిణాది డెమొక్రాట్ అన్న ఒక్క కారణంతో టెనెసీకి చెందిన ఆండ్రూ జాన్సన్‌ను లింకన్ టికెట్‌లో చేర్చారు. 1865 మార్చి 4న ప్రమాణ స్వీకారం జరిగింది, ఏప్రిల్ 15న లింకన్ కన్నుమూశారు. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడిన నలభై లక్షల మంది భవిష్యత్తు, వారి హక్కుల మీద నమ్మకమే లేని మనిషి చేతికి వచ్చింది. 1866 పౌరహక్కుల చట్టాన్ని ఆయన వీటో చేయగా కాంగ్రెస్ ఆ వీటోను తోసిపుచ్చవలసి వచ్చింది. 1868లో అభిశంసన విచారణలో ఆయన ఒక్క ఓటు తేడాతో గట్టెక్కారు. ఎన్నికల లెక్కగా చూస్తే మంచి ఎంపికే, 1864లో టికెట్ గెలిచింది కూడా.

1944లోనూ పార్టీ నాయకుల బేరసారాల వల్లనే అప్పటి ఉపాధ్యక్షుడు హెన్రీ వాలెస్ స్థానంలోకి హ్యారీ ట్రూమన్ వచ్చారు. అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఆరోగ్యం క్షీణిస్తోందని దగ్గరివారికి తెలుసు. అయినా ఉపాధ్యక్షుడిగా ఉన్న 82 రోజుల్లో ట్రూమన్‌కు అణుబాంబు తయారీ సంగతి చెప్పినవారు లేరు. 1945 ఏప్రిల్ 12న అధ్యక్షుడైన తర్వాతనే తెలిసింది, నాలుగు నెలలలోపే దాని ప్రయోగం జరిగింది. ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టుకుంటే, ఎంపికకు కారణం చిన్నదైనంత మాత్రాన మనిషి చిన్నవాడు కాడనీ, కారణం తెలివైనదైనంత మాత్రాన మనిషి తగినవాడు కాడనీ అర్థమవుతుంది. కారణాన్ని రాసుకోండి, కాని మనిషికి వేసే మార్కుల్లో కలపకండి.

జనవరి 6 ప్రశ్న

నేను అన్నింటికంటే ఎక్కువ బరువు పెట్టేది దీనికి. అధ్యక్షుడిని లాంఛనంగా ఎన్నుకునే రాష్ట్రాల ప్రతినిధులైన ఎలక్టర్ల ఓట్లను కాంగ్రెస్ ఉమ్మడి సమావేశంలో తెరిచేది సెనేట్ అధ్యక్షుడి హోదాలో ఉన్న ఉపాధ్యక్షుడే. 1961లో నిక్సన్, 2001లో అల్ గోర్, 2025లో కమలా హారిస్ తమ ఓటమిని తామే సభలో చదివి వినిపించారు. 2021 జనవరి 6న అప్పటి ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ మీద, ఆయనను ఎంచుకున్న అధ్యక్షుడు ట్రంపే, కొన్ని రాష్ట్రాల ఓట్లను తిరస్కరించమని బహిరంగంగా ఒత్తిడి తెచ్చారు. ఆ అధికారం తనకు లేదని పెన్స్ లిఖితపూర్వకంగా చెప్పి, గుంపు భవనంలోకి చొరబడిన తర్వాత కూడా ఆ రాత్రి తిరిగి వచ్చి లెక్క పూర్తి చేశారు. ఆయన విధానాల్లో చాలావాటితో నాకు పొత్తు కుదరదు, అయినా ఆ రాత్రి పట్ల నాకున్న గౌరవం తగ్గదు. ఆ రోజు తిరస్కరించమన్న ఓట్లలో నా రాష్ట్రం ఓట్లు, అంటే నా ఓటు కూడా ఉన్నాయి. ఉపాధ్యక్షుడి పాత్ర లాంఛనప్రాయమేనని 2022 చివర కాంగ్రెస్ చట్టం చేసింది. చట్టం ఉన్నా దానిని పాటించే మనిషి కావాలి.

కాబట్టి ప్రతి అభ్యర్థి విషయంలోనూ ఈ ప్రశ్నకు జవాబు వెతకండి: తనను ఎంచుకున్న మనిషి తప్పు పని చేయమంటే వీరు కాదనగలరా? మాటలతో చెప్పిన జవాబు ఉంటే అది, లేకపోతే గతంలో కాదన్న సందర్భం. వాన్స్ 2024 ఫిబ్రవరిలో ఒక టీవీ ముఖాముఖిలో, తాను ఆ స్థానంలో ఉంటే పెన్సిల్వేనియా, జార్జియా వంటి రాష్ట్రాలను ఒకటికంటే ఎక్కువ ఎలక్టర్ల జాబితాలు పంపమని అడిగేవాడిననీ, కాంగ్రెస్ అక్కడి నుంచి తేల్చుకోవలసిందనీ చెప్పారు. అక్టోబరు 1 నాటి డిబేట్‌లో 2020 ఎన్నికలో ట్రంప్ ఓడిపోయారా అని వాల్జ్ సూటిగా అడిగినప్పుడు, తన దృష్టి భవిష్యత్తు మీద ఉందని జవాబిచ్చారు. నా పేజీలో ఆయన రైలు బిల్లునూ, చురుకైన బుద్ధినీ, పేదరికం నుంచి ఎదిగి సైన్యంలో పనిచేసిన జీవితాన్నీ ఈ ఒక్క జవాబు మించిపోయింది. ఇది నా తూకం. బట్లర్ ఘటన తర్వాత దేశ భద్రతకు మరో బరువు ఇచ్చిన మిత్రులు నాకున్నారు, వారు తమ పేజీని నాకంటే నిజాయతీగా నింపారు.

అదే డిబేట్‌లో, 1989లో చైనాలో ఉద్యమకారులను అణచివేసిన తియానన్మెన్ ఘటనల సమయంలో హాంకాంగ్‌లో ఉన్నానని గతంలో చెప్పిన మాట గురించి వాల్జ్‌ను అడిగారు. ఆయన చుట్టూ తిరిగి చివరకు తప్పుగా చెప్పానని ఒప్పుకున్నారు. తన సైనిక సేవ గురించి గతంలో అన్న ఒక మాట కూడా నిజానికి మించి ఉంది. ఇవి చిన్నవని నేను సర్దుకోలేదు. అవసరం లేని చోట అబద్ధం దొర్లే అలవాటు పెద్ద కుర్చీలో పెద్దదవుతుందని ఎర్ర సిరాతో రాశాను. మనకు నచ్చిన టికెట్ వైపు ఎర్ర సిరా పడకపోతే ఆ పుస్తకం రాయడం దండగ.

డిబేట్‌ను ఎలా చూడాలి

ఉపాధ్యక్ష అభ్యర్థుల డిబేట్ సాధారణంగా ఒక్కటే ఉంటుంది. దానికి ముందే పై పేజీలు నింపుకుని కూర్చోవాలి, లేకపోతే మాటకారితనం మొత్తం పేజీని ఆక్రమిస్తుంది. 1988లో తనను పూర్వపు అధ్యక్షుడు కెనడీతో పోల్చుకున్న రిపబ్లికన్ అభ్యర్థి డాన్ క్వేల్‌ను ప్రత్యర్థి లాయిడ్ బెంట్సన్ ఒక్క వాక్యంతో నిలువునా తీసేశారు. ఆ వాక్యం నేటికీ చెప్పుకుంటారు, కానీ ఆ నవంబరులో గెలిచింది క్వేల్ ఉన్న టికెట్టే. చూస్తున్నంతసేపు ఎవరు గెలిచారని కాక, అడిగిన ప్రశ్నకు జవాబు రానిచోట్ల మాత్రమే గీత పెట్టండి. అయిపోయిన వెంటనే టీవీ ఆపివేసి, విశ్లేషకుల మాటలు వినకముందే అయిదు వాక్యాలు రాయండి. ఫోను పక్క గదిలో ఉంటే ఇంకా మంచిది.

చివరి తూకం

ఇంత చేసిన తర్వాత ఈ అభిప్రాయాన్ని ఓటులో ఎంత కలపాలన్నది మిగులుతుంది. అధ్యక్ష అభ్యర్థి వయసును బట్టి ఆ పాలు మారాలని నా నమ్మకం. 47 ఏళ్ల ఒబామా పక్కన బైడెన్‌కు ఇచ్చిన బరువు, 2025 జనవరిలో ప్రమాణ స్వీకారం నాటికి 78 ఏళ్లున్న ట్రంప్ పక్కన వాన్స్‌కు ఇచ్చే బరువు ఒకటి కాలేవు. పై పేరు మీద మనసు గట్టిగా కుదిరితే ఉపాధ్యక్షుడి మీది అసంతృప్తిని మింగి ఓటు వేయవచ్చు, పుస్తకంలో మాత్రం అది ఉండాలి. పై పేర్లు రెండూ సమానంగా తూగితే కింది పేరే తేల్చాలి. కష్టమైనది మూడో సందర్భం: పై పేరు నచ్చి, కింది పేరు భయపెట్టినప్పుడు. అప్పుడు నేను ఒక వాక్యం రాసుకుంటాను: ‘రేపు ఉదయం అధ్యక్షుడు లేరన్న వార్త వస్తే, ఈ మనిషి ప్రమాణ స్వీకారం చూస్తూ నేను నా ఓటును సమర్థించుకోగలనా?’ దాని కింద జవాబు రాయలేకపోతే, ఎన్నికకు ఇంకా ఎన్ని రోజులున్నాయో చూసుకుని మళ్లీ మొదటి పేజీకి వెళతాను.

2028లో ఎన్నికల రోజు నవంబరు 7. మా పెద్దమ్మాయికి అదే మొదటి ఓటు. పౌరసత్వం తీసుకున్న నేను ఓటు వేయగలనే కాని ఆ పదవికి పోటీ చేయలేను. ఇక్కడే పుట్టిన తను 35 ఏళ్లు నిండితే చేయగలదు. వేసవిలో ఉపాధ్యక్ష అభ్యర్థుల పేర్లు ప్రకటించిన రోజు నుంచి చెరొక పుస్తకంలో విడివిడిగా రాసుకోవాలనీ, ఎన్నికకు వారం ముందు ఒకరి పుస్తకం ఒకరికి ఇచ్చుకోవాలనీ, అంతవరకు భోజనాల బల్ల దగ్గర ఆ పేర్లు ఎత్తకూడదనీ ఇద్దరం అనుకున్నాము.